ఒకే మడిలో గడ్డి, పప్పుజాతి మేత: పొత్తు చెడకుండా పెంచే తీరు

గడ్డినీ పప్పుజాతి మేతనూ కలిపి విత్తడం ఎవరికైనా చేతనవుతుంది. మొదటి రెండు మూడు కోతలు కూడా బాగానే వస్తాయి. ఏడాది తిరిగేసరికి మాత్రం చాలా మడుల్లో గడ్డి ఒక్కటే మిగులుతుంది, పప్పుజాతి మొక్క ఎక్కడో అంచున నాలుగు రెమ్మలుగా కనిపిస్తుంది. విత్తనం మంచిది కాదని సరిపెట్టుకుంటారు గానీ, దాదాపు ప్రతిసారీ కారణాలు మూడే: గడ్డి నీడ, మడి అంతా చల్లిన యూరియా, రెండింటినీ ఒకే ఎత్తులో కోసిన కొడవలి. ఈ మూడూ అదుపులో ఉంటే పొత్తు ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకే ఇక్కడ ఎక్కువ మాట వాటి గురించే.

కలిపి ఎందుకు వెయ్యాలన్నది క్లుప్తంగా చెప్పుకుందాం. హైబ్రిడ్ నేపియర్, గినీ లాంటి గడ్డిలో ఎండు బరువు లెక్కన 7 నుంచి 10 శాతం మాంసకృత్తులు ఉంటాయి, ముదిరితే ఇంకా తగ్గిపోతాయి. మేతలో మాంసకృత్తులు 7 శాతం కన్నా దిగితే పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులకు ఆహారం చాలదు, పీచు అరగదు, పశువు మేత తినడమే తగ్గిస్తుంది. లూసర్న్, అలసంద, దశరథ గడ్డి (పేరులో గడ్డి ఉన్నా ఇది పప్పుజాతి మొక్కే) వంటి వాటిలో 15 నుంచి 20 శాతం ఉంటాయి, కాల్షియం కూడా బాగా ఉంటుంది. నేపియర్‌లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. నేపియర్ ఒక్కటే నెలల తరబడి మేపే చోట పప్పుజాతి మేత అవసరం మాంసకృత్తుల కంటే ముందు కాల్షియం కోసమే కనిపిస్తుంది.

ఒక అపోహ ముందే తీసేయాలి. పప్పుజాతి మొక్క గాలిలోని నత్రజనిని పట్టి పక్కనున్న గడ్డికి వెంటనే అందిస్తుందనుకుంటారు. పట్టిన నత్రజనిలో ఎక్కువ భాగం ఆ మొక్కలోనే ఉంటుంది. వేర్లూ, వాటి మీద నత్రజనిని పట్టే బుడిపెలూ కుళ్లినప్పుడు, ఆకు రాలినప్పుడు, మేసిన పశువు పేడా మూత్రం నేలలో పడినప్పుడు మాత్రమే గడ్డికి చేరుతుంది. కోసి కొట్టంలో మేపే మడికి పేడ తిరిగి రాకపోతే ఆ దారి కూడా మూసుకుపోతుంది. కాబట్టి మొదటి ఏడాది గడ్డికి నత్రజని వెయ్యాల్సిందే. ఎక్కడ వెయ్యాలన్నదే ముఖ్యం, దాని సంగతి కింద వస్తుంది.

ఏ గడ్డికి ఏ జోడీ

నీటి వసతి ఉంటే హైబ్రిడ్ నేపియర్‌కో గినీకో దశరథ గడ్డి సరైన జోడీ. ఇది నిటారుగా పొదలా పెరుగుతుంది, బహువార్షికం, గడ్డితో పాటే 40 రోజులకోసారి కోతకొస్తుంది. చల్లటి కాలం ఉన్న చోట, నీరు నిలవని నేలలో, ఉదజని సూచిక (pH) 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే లూసర్న్ ఇంకా మంచి మేత. నేల ఆమ్లంగా ఉన్నా, మురుగు దిగకపోయినా లూసర్న్ జోలికి పోవద్దు, వేరు కుళ్లి ఒకే వర్షాకాలంలో పోతుంది.

వర్షాధారపు తేలిక నేలల్లో అంజన్ గడ్డి, స్టైలో అనే పప్పుజాతి మేత కలిసి బాగా ఉంటాయి. స్టైలోలో హమాటా రకం సారం లేని నేలనూ ఆమ్ల నేలనూ తట్టుకుంటుంది, తన గింజ తానే రాల్చుకుని మళ్లీ మొలుస్తుంది.

ఒక్క పంటకాలం మేత కావాలంటే మొక్కజొన్నతో అలసంద, శీతాకాలంలో ఓట్స్‌తో బర్సీం అనే పప్పుజాతి మేత. జొన్నతో కూడా అలసంద వెయ్యొచ్చు. జొన్నకు ఒక ప్రమాదం ఉంది, కోత దగ్గర చెబుతాను.

సాళ్ల అమరిక

గింజలు రెండూ కలిపి చల్లే పద్ధతి పచ్చిక బయళ్లకే పనికొస్తుంది. కోసి మేపే మడిలో సాళ్లుగానే వెయ్యాలి, లేకపోతే రెండింటినీ వేర్వేరు ఎత్తుల్లో కొయ్యడం కుదరదు.

గినీ గడ్డికి సాళ్ల మధ్య 50 సెం.మీ., మొక్కల మధ్య 30 సెం.మీ. దూరంతో మూడు సాళ్ల గడ్డికి ఒక సాలు దశరథ గడ్డి వేస్తారు. ఈ లెక్కన ఎకరాకు దాదాపు 20,000 గినీ పిలకలు, 2 కిలోల దశరథ గడ్డి విత్తనం పడుతుంది.

నేపియర్‌కు ఇదే 3:1 చాలాచోట్ల సూచిస్తారు గానీ, మనిషిని మించి పెరిగే గడ్డి మధ్య ఒంటరి సాలు రెండో ఏడాదికి నీడలో నలిగిపోతుంది. జంట సాళ్లు మేలు. రెండు నేపియర్ సాళ్లు 60 సెం.మీ. ఎడంతో వెయ్యండి, తర్వాత 180 సెం.మీ. ఖాళీ, మళ్లీ జంట సాళ్లు. ఆ ఖాళీలో 45 సెం.మీ. దూరంతో మూడు సాళ్ల దశరథ గడ్డి వస్తుంది. సాలులో నేపియర్ మొక్కల మధ్య 50 సెం.మీ. ఉంచితే ఎకరాకు సుమారు 6,700 ముక్కలు, 5 కిలోల దశరథ గడ్డి విత్తనం కావాలి. గడ్డి మొక్కలు సగానికి తగ్గాయని బెంగపడక్కర్లేదు, అంచు సాళ్లకు వెలుతురు బాగా తగిలి దుబ్బులు లావెక్కుతాయి. నేల వాలు అనుమతిస్తే సాళ్లు ఉత్తరం దక్షిణంగా తియ్యండి, పొద్దున ఒకవైపు, సాయంత్రం మరోవైపు వెలుతురు పడుతుంది. వాలు ఎక్కువైతే వాలుకు అడ్డంగానే తియ్యాలి, మట్టి కోసుకుపోవడం నీడ కంటే పెద్ద నష్టం.

మొక్కజొన్న, అలసందలకు 30 సెం.మీ. సాళ్లు, 2:1 నిష్పత్తి. ఎకరాకు మొక్కజొన్న 12 కిలోలు, అలసంద 5 కిలోలు. అంజన్, స్టైలో కలిపి చల్లేటప్పుడు ఎకరాకు 2 కిలోల చొప్పున అంజన్, 2 నుంచి 3 కిలోల స్టైలో.

విత్తనం సిద్ధం చేయడం

దశరథ గడ్డి, స్టైలో గింజలకు గట్టి పెంకు ఉంటుంది. అలాగే విత్తితే కొన్ని ఈ వారం, కొన్ని వచ్చే నెల, కొన్ని వచ్చే ఏడాది మొలుస్తాయి. 80 డిగ్రీల వేడి నీటిలో 4 నుంచి 5 నిమిషాలు ముంచాలి. థర్మామీటర్ లేకపోతే తెర్లే నీళ్లు మూడు లీటర్లకు చన్నీళ్లు ఒక లీటరు కలపండి, రమారమి ఆ వేడికి వస్తుంది. గింజను పలుచటి గుడ్డలో మూటగట్టి ముంచి, సమయం కాగానే చన్నీళ్లలోకి మార్చి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున నీడలో ఆరబెట్టండి. పొయ్యి మీద మరుగుతున్న నీటిలోనే వదిలేస్తే పిండం చచ్చిపోతుంది. అలసంద, లూసర్న్ గింజలకు ఈ వేడి అవసరం లేదు.

వేర్ల మీద బుడిపెలు కట్టించే సూక్ష్మజీవి రైజోబియం. దాన్ని గింజకు పట్టించడం వేడి నీటి పని పూర్తయ్యాకే. ఎకరం విత్తనానికి 200 గ్రాముల పొట్లం, చల్లారిన 10 శాతం బెల్లం నీళ్లలో గానీ గంజిలో గానీ కలిపి గింజలకు పూతలా పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తాలి. ఒకే పొట్లం అన్నిటికీ పనికిరాదు. అలసందకు పనిచేసే రైజోబియం లూసర్న్ వేరు మీద బుడిపె కట్టదు, లూసర్న్‌ది బర్సీంకు పనికిరాదు. పొట్లం మీద పైరు పేరు చూసి తీసుకోండి, గడువు తేదీ కూడా. శిలీంధ్రనాశక మందు పట్టించిన గింజ మీద రైజోబియం బతకదు.

గినీ గడ్డిని గింజతో వేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అప్పుడే కోసిన గింజ నిద్రావస్థలో ఉంటుంది, కొన్ని నెలలు నిల్వ ఉన్నదే మొలుస్తుంది. ఏ విత్తనమైనా తడిగుడ్డలో 100 గింజలు వేసి మొలక చూసుకోండి. 80 రావలసిన చోట 40 వస్తే విత్తనం రెట్టింపు పడుతుంది, ఆ సంగతి మడిలో తెలిసేకంటే గుడ్డలో తెలియడం నయం.

నేల, అడుగు ఎరువు, విత్తడం

రెండు మూడు సార్లు దున్ని, ఎకరాకు 8 నుంచి 10 టన్నుల మాగిన పశువుల ఎరువు కలియదున్నండి. మాగని పేడలో గడ్డి విత్తనాలు బతికే ఉంటాయి, కలుపు మనమే తెచ్చి వేసుకున్నట్టు అవుతుంది. ఆఖరి దుక్కిలో ఎకరాకు 125 నుంచి 150 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 25 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 20 కిలోల యూరియా వెయ్యండి. భాస్వరానికి సింగిల్ సూపరే ఎందుకంటే దానిలో గంధకం కూడా ఉంటుంది, పప్పుజాతికి రెండూ కావాలి. భాస్వరం చాలని నేలలో బుడిపెలు కట్టవు, రైజోబియం పొట్లం ఎంత మంచిదైనా వృథా.

సన్న గింజలను లోతుగా విత్తడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. దశరథ గడ్డి, లూసర్న్, స్టైలో, గినీ గింజలు 1 సెం.మీ. లోతు దాటకూడదు. మూడు రెట్లు ఇసుక కలిపి సాలులో రాల్చి, ముళ్లకంపతో పైపైన లాగితే చాలు. అలసందకు 3 నుంచి 4 సెం.మీ., మొక్కజొన్నకు 4 నుంచి 5 సెం.మీ. నేపియర్‌కు మూడు నెలలు నిండిన కాండం నుంచి రెండు కణుపుల ముక్కలు కోసి, ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేలా, మొగ్గ పైకి చూసేలా ఏటవాలుగా గుచ్చాలి. తలకిందులుగా గుచ్చిన ముక్క ఎండుతుంది.

ఇక సమయం. దశరథ గడ్డి మొదటి రెండు నెలలు చాలా నెమ్మది. నేపియర్ మూడో వారానికే పరుగందుకుంటుంది. రెండూ ఒకే రోజు వేస్తే పొత్తు ఆ రోజే చెడినట్టు. పప్పుజాతి సాళ్లు ముందు విత్తి, 3 నుంచి 4 వారాల తర్వాత నేపియర్ నాటండి. ఈ నెల రోజుల ఓపిక ఇచ్చే లాభం, ఆ తర్వాత ఎంత ఎరువు పెట్టినా దొరకదు.

మొదటి 45 రోజులు

కలుపు చేత్తో తియ్యాల్సిందే, కనీసం రెండుసార్లు: 20వ రోజు, 40వ రోజు. మందుల విషయంలో జాగ్రత్త. మొక్కజొన్నలో మామూలుగా వాడే అట్రజిన్ అలసందను చంపేస్తుంది. గడ్డిలో వెడల్పాకు కలుపుకు కొట్టే 2,4-డి పప్పుజాతిని మొత్తం తుడిచిపెడుతుంది, పక్క మడి నుంచి గాలికి కొట్టుకొచ్చినా చాలు. మొక్కజొన్న, అలసంద రెండింటికీ సరిపడేది పెండిమిథాలిన్ 30 శాతం, ఎకరాకు లీటరు, 200 లీటర్ల నీటిలో, విత్తిన 48 గంటల్లోపు తడి నేల మీద. సన్న గింజలు విత్తిన మడిలో ఇది కూడా కొట్టవద్దు.

ఆరో వారంలో నాలుగైదు పప్పుజాతి మొక్కలను పారతో మట్టితో సహా లేపండి. చేత్తో పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ, ఎరుపు రంగు కనిపించాలి. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలవలేదు లేదా ఆ మొక్కకు తగని రైజోబియం రకం చేరింది. ఆకుపచ్చగా, గోధుమ రంగుగా ఉంటే పని అయిపోయింది. బుడిపెలే లేక మొక్కలు పాలిపోయి ఉంటే, రైజోబియం 2 కిలోలు 100 కిలోల మెత్తటి పశువుల ఎరువులో కలిపి సాళ్ల వెంట తడి మీద వేసి చూడండి. నేల ఆమ్లంగా ఉంటే మాత్రం సున్నం వెయ్యకుండా ఏదీ పనిచెయ్యదు.

లూసర్న్‌లో బంగారు తీగ కోసం కళ్లు పెట్టుకుని చూడండి. పసుపు దారాల్లా అల్లుకుంటుంది, వేరు ఉండదు, మొక్కనే పీల్చి బతుకుతుంది. కనిపించిన చోట చుట్టూ ఒక మీటరు మేర లూసర్న్‌తో సహా కోసి అక్కడే కాల్చెయ్యాలి. పూతకొచ్చాక పీకి గట్టు మీద పారేస్తే గింజ రాలి ఏళ్ల తరబడి వేధిస్తుంది.

యూరియా ఎక్కడ, ఎంత

ప్రతి కోత తర్వాత ఎకరాకు 20 నుంచి 25 కిలోల యూరియా, కేవలం గడ్డికి. జంట సాళ్ల పద్ధతిలో ఇది సులువు: ఆ రెండు నేపియర్ సాళ్ల నడుమ 60 సెం.మీ. పట్టీలో వేసి మట్టి కప్పి నీరు పెడితే పప్పుజాతి సాళ్లకు అందదు. మడి అంతా చల్లితే రెండు నష్టాలు. గడ్డి రెచ్చిపోయి నీడ కమ్ముతుంది. పప్పుజాతి మొక్క నేలలో నత్రజని దొరకగానే బుడిపెలు కట్టడం మానుకుంటుంది.

పొటాష్ గురించి ఎవరూ పట్టించుకోరు. కోసి బయటికి మోసుకెళ్లే మేతతో పాటు నేలలోని పొటాష్ బండెడు బండెడు వెళ్లిపోతుంది. గడ్డి పీచువేళ్లు మిగిలినదాన్ని ముందే లాగేసుకుంటాయి, ఆకలితో ఉండేది పప్పుజాతే. లూసర్న్ ఆకు అంచుల్లో తెల్లటి చుక్కలు వరుసగా కనిపిస్తే అదే కారణం. ఏడాదికి రెండుసార్లు ఎకరాకు 20 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, ఏడాదికోసారి 100 కిలోల సింగిల్ సూపర్ పప్పుజాతి సాళ్ల వెంట వెయ్యండి. కొట్టంలోని పేడా మూత్రం తిరిగి మడికే చేరితే ఈ లెక్క చాలా తగ్గుతుంది.

కోత

నేపియర్ మొదటి కోత 75 నుంచి 80 రోజులకు, తర్వాత 40 నుంచి 45 రోజులకోసారి. దశరథ గడ్డి మొదటి కోత 90 రోజులకు, తర్వాత 40 రోజులకోసారి. నేపియర్‌ను నెల ఆలస్యంగా నాటితే వాటి తొలి కోతలు దగ్గర దగ్గరగా వస్తాయి.

గడ్డిని నేలకు 10 నుంచి 15 సెం.మీ. ఎత్తులో కొయ్యాలి. దశరథ గడ్డిని మాత్రం 50 సెం.మీ. ఎత్తులో. గడ్డి దుబ్బు మొదట్లోని మొగ్గల నుంచి లేస్తుంది, దశరథ గడ్డి మిగిలిన కొమ్మల మీది మొగ్గల నుంచి చిగురిస్తుంది. కూలీలు ఒకే ఊపులో రెండింటినీ నేలబారుగా కోసుకుపోతే, గడ్డి వారంలో లేస్తుంది, దశరథ గడ్డి మూడు వారాలు మోడుగానే ఉంటుంది, ఈలోగా నీడలో పడుతుంది. ముందు పప్పుజాతి సాళ్లు కోయించి, తర్వాత గడ్డి సాళ్లు కోయించడం మంచి అలవాటు. లూసర్న్ దీనికి వేరు: అది నేల దగ్గరి మొదలు నుంచే చిగురిస్తుంది కనుక 5 నుంచి 8 సెం.మీ. చాలు, పదింట ఒక వంతు పూత కనిపించినప్పుడు కొయ్యాలి. పూతకు ముందే వరుసగా కోస్తే వేరులో దాచుకున్న బలం అయిపోయి మడి పలుచబడుతుంది.

మొక్కజొన్న, అలసందలను గింజ పాలుపోసుకునే దశలో, అలసంద సగం పూతలో ఉండగా, 60 రోజుల చుట్టుపక్కల ఒకేసారి కోస్తారు. పాతర (సైలేజి) వెయ్యాలంటే ఈ మిశ్రమం బాగుంటుంది, అయితే పప్పుజాతి వాటా మూడో వంతు మించకూడదు. దానిలో చక్కెరలు తక్కువ, పులుపు సరిగా ఎక్కదు, పాతర కుళ్లు వాసన కొడుతుంది. 2 నుంచి 3 సెం.మీ. ముక్కలు చేసి, పిడికిట్లో గట్టిగా పిండి చూడండి. నీరు కారితే మేతను ఇంకాసేపు ఆరి వాడిపోనివ్వాలి. ఉండ మెల్లగా విడిపోతే సరిగ్గా ఉంది.

జొన్న సంగతి. లేత జొన్నలో, బెట్టకు గురైన జొన్నలో, కోత తర్వాత వచ్చే కార్శి పిలకల్లో పశువును నిమిషాల్లో చంపగల సైనైడ్ విషం పుడుతుంది. పూతకు రాకముందు మేపకండి. బెట్ట తర్వాత వాన పడి పచ్చగా లేచిన పిలకలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, అవే ఎక్కువ ప్రమాదం. అలసంద కలిసి ఉంది కదా అని ధైర్యం చెయ్యొద్దు.

మడిలోనే మేపితే

అంజన్, స్టైలో పచ్చికలో మొదటి వర్షాకాలం పశువులను వదలకండి. స్టైలో పూచి గింజ రాలాక ఎండుమేతగా మేపుకోవచ్చు. రెండో ఏడాది నుంచి మడిని ముక్కలుగా విభజించి తిప్పుతూ మేపాలి. ఒక్కో ముక్కలో 4 రోజులు, తర్వాత 36 రోజుల విశ్రాంతి అనుకుంటే 10 ముక్కలు కావాలి. 4 రోజులు దాటనివ్వకపోవడానికి కారణం ఉంది: ఐదో రోజుకు కొత్త చిగురు వస్తుంది, పశువు ముందు దాన్నే కొరుకుతుంది, ఆ దెబ్బకు పప్పుజాతి వేరు నీరసిస్తుంది. గడ్డి 15 సెం.మీ.కు దిగగానే పశువులను తీసేయండి. నల్లరేగడి తడిగా ఉన్న రోజుల్లో గిట్టల కింద మొక్క మొదళ్లు నలిగిపోతాయి, ఆ రోజుల్లో కోసి వెయ్యండి.

మేపడం, కడుపుబ్బరం

పాడి పశువుకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత ఇచ్చేటప్పుడు మూడు వంతులు గడ్డి, ఒక వంతు పప్పుజాతి మంచి నిష్పత్తి, దానితో 4 నుంచి 6 కిలోల ఎండుమేత. కొత్తగా మొదలుపెట్టేటప్పుడు వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా పెంచండి.

లూసర్న్, బర్సీం లేతగా, మంచు తడితో, ఖాళీ కడుపు మీద తింటే నురగ కట్టి కడుపు ఉబ్బుతుంది. ఎడమ పక్క డొక్క బిగుసుకుని డోలులా మోగుతుంది, పశువు ఆయాసపడుతుంది. ముందు ఎండుగడ్డి వేసి, లూసర్న్‌ను రెండు మూడు గంటలు వాడబెట్టి, గడ్డితో కలిపి ముక్కలు చేసి వేస్తే ఈ ఇబ్బంది దాదాపు రాదు. వస్తే ఇంటి వైద్యంతో గంటలు గడపకుండా పశువైద్యుణ్ణి పిలవండి, ఊపిరాడక చనిపోయేది ఆ గంటల్లోనే. దశరథ గడ్డిలో టానిన్లు ఉంటాయి, దానితో ఉబ్బరం అరుదు.

పొత్తు ఎలా ఉందో కొలవడం

కంటి అంచనా నమ్మకండి, పప్పుజాతి ఆకులు పైకి కనిపించి ఉన్నదానికన్నా ఎక్కువనిపిస్తాయి. సాళ్లు అన్నీ కలిసివచ్చేలా, జంట సాళ్ల మడిలో 240 సెం.మీ. వెడల్పున ఒక మీటరు పొడవు కోసి, రెండింటినీ వేరుచేసి, ఎండబెట్టి తూచండి. మడిలో నాలుగు చోట్ల ఇలా చేసి సగటు తియ్యండి. పప్పుజాతి 30 నుంచి 40 శాతం ఉంటే పొత్తు సరిగ్గా ఉంది. 20 కన్నా దిగితే రెండు కోతలు యూరియా ఆపి, గడ్డిని వారం పది రోజులు ముందే కోసి, భాస్వరం, పొటాష్ అందించండి. 50 దాటితే గడ్డికి యూరియా పెంచండి, లేకపోతే ఖాళీల్లో కలుపు చేరుతుంది.

మూడు నాలుగేళ్లకు నేపియర్ దుబ్బులు మధ్యలో ఎండి చుట్టూ విస్తరిస్తాయి. పలుగుతో చీల్చి సగం దుబ్బు తీసేయండి, పప్పుజాతి సాళ్ల వైపు పాకిన పిలకలను తప్పకుండా. దశరథ గడ్డిలో ఖాళీలు పడితే వానల మొదట్లో గింజ విత్తి పూరించుకోవచ్చు. లూసర్న్‌కు అది కుదరదు: పాత లూసర్న్ వదిలిన పదార్థాలు అదే నేలలో కొత్త లూసర్న్ మొలకలను ఎదగనివ్వవు, ఎన్నిసార్లు చల్లినా గింజ దండగే. పలుచబడిన ఆ సాళ్లను దున్నేసి అలసందో దశరథ గడ్డో వెయ్యండి, లూసర్న్‌ను కనీసం ఏడాది పాటు మరో మడికి మార్చండి.